గడప దాటిన వైద్యం

వైద్యునికి శాస్త్రజ్ఞానం ఎంత అవసరమో, రోగి భాషను, ఆచారాలను, అభిమానాన్ని గుర్తించే సంస్కారం కూడా అంతే అవసరం. ఔషధం ఎంత శ్రేష్ఠమైనదైనా, దానిని ఇచ్చే చేతిని రోగి నమ్మనప్పుడు అది నిష్ఫలమే. ఈ సత్యాన్ని తన నలభై ఆరేళ్ల సేవతో నిరూపించిన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. గుంటూరు సీమలో స్త్రీల వైద్యానికి పునాది వేసిన వారిలో ఆమె అగ్రగణ్యురాలు.

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య చదవడమే వింతగా తోచిన ఆ రోజుల్లో, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల నుండి 1879లో పట్టం పొందారు. అనంతరం నారిస్‌టౌన్‌లోని మానసిక చికిత్సాలయంలో కొంతకాలం పనిచేశారు. ఆ చికిత్సాలయంలో స్త్రీల విభాగానికి అధిపతి ఆలిస్ బెన్నెట్ అనే వైద్యురాలు. మానసిక రోగులను బంధించి ఉంచే పద్ధతిని ఆమె తొలగించి, వారికి చేతిపనులు, సంగీతం వంటి వ్యాపకాలు కల్పించారు. రోగి కూడా గౌరవానికి అర్హత గల మనిషే అన్న భావన అప్పుడప్పుడే అంకురిస్తున్న కాలమది.

గుంటూరులో స్త్రీలకు వైద్యం చేయగల వారు లేరన్న సంగతి అక్కడి మిషనరీ రాసిన లేఖ ద్వారా కుగ్లర్‌కు తెలిసింది. ఇక్కడికి వచ్చి సేవ చేయాలని ఆమె నిశ్చయించుకున్నారు. అయితే లూథరన్ మహిళా సంఘం వారు వైద్యురాలిని పంపడానికి ఇంకా సిద్ధంగా లేనందున ఆమెను సాధారణ మిషనరీగానే నియమించారు. 1883 చివర ఆమె గుంటూరు చేరారు. నాడు గుంటూరు పేరిట జిల్లా లేదు. ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది.

ఆనాడు పల్లెల్లో కాన్పులన్నీ మంత్రసానుల చేతి మీదుగానే జరిగేవి. కాన్పు కష్టమైతే తల్లి ప్రాణానికే ముప్పు. బ్రతికినా కొందరికి జీవితాంతం శారీరక బాధలు తప్పేవి కావు. సకాలంలో చికిత్స అందక కంటి జబ్బులు చూపును హరించేవి. పరాయి పురుషుని ఎదుట పడకూడదన్న కట్టుబాటు వల్ల పలువురు స్త్రీలు వైద్యుని వద్దకు వెళ్లేవారు కారు. కుగ్లర్ స్త్రీ అయినా మరొక అవరోధం ఎదురైంది. ఆమె అన్యదేశీయురాలు, అన్యమతస్థురాలు. ఆచారపరుల దృష్టిలో ఆమె స్పర్శ మైల.

కుగ్లర్ అందుకు కోపగించుకోలేదు. ఆచారాన్ని విడిచిపెడితేనే వైద్యం చేస్తానని నియమం పెట్టలేదు. తెలుగు నేర్చుకున్నారు. వైద్యశాలకు రాలేని స్త్రీల ఇళ్లకు తానే వెళ్లారు. తొలి ఏడాదిలోనే నాలుగు వందలకు పైగా రోగులు ఆమె వద్ద చికిత్స పొందారు. ఈ ఆదరణ చూసిన సంఘం 1885లో ఆమెను అధికారికంగా వైద్య మిషనరీగా గుర్తించింది. క్రమంగా చిన్న వైద్యశాలలు వెలిశాయి. 1893లో సొంత స్థలంలో వైద్యశాల ఏర్పడింది. ఆ దశాబ్దం ముగియకముందే స్త్రీల కొరకు, పిల్లల కొరకు పూర్తిస్థాయి ఆసుపత్రి నిలిచింది. స్థానిక స్త్రీలకు అక్కడ నర్సులుగా శిక్షణ ఇచ్చారు. తన మాట, తన యాస తెలిసిన మనిషి పక్కన నిలిస్తే రోగి భయం సగం తీరుతుంది కదా!

ఏలూరు జమీందారు రాజా భుజంగరావు తన భార్యకు జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. రోగుల బంధువులు అక్కడ బస చేసేవారు. పరాయి చేతి వంట తినని కుటుంబాలకు ఇట్టి వసతి ఎంత అవసరమో ఊహించవచ్చు. దూరపు పల్లెల నుండి బండ్ల మీద వచ్చినవారికి రాత్రి తలదాచుకునే చోటు, పొయ్యి రాజేసుకునే జాగా దొరకకపోతే చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది.

కుగ్లర్ పనిచేసిన సంస్థ లక్ష్యాలలో క్రైస్తవ మత ప్రచారమూ ఒకటి. అయినను ఆసుపత్రి ద్వారాలు అన్ని మతాల వారికి, అన్ని కులాల వారికి తెరిచే ఉండేవి. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. ఒకరి ఆచారాన్ని మన్నించడమంటే, దాని పేరిట మరొకరిని గుమ్మం బయట నిలబెట్టడం కాదు. రోగి మనసు నొప్పించకుండానే, అంటరానివారని సంఘం వెలివేసిన వారికి సైతం అదే కప్పు కింద వైద్యం అందించడం ఆ సంస్థ చేసిన కఠినమైన కార్యం.

ప్రభుత్వం 1905లో ఆమెను కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది. తరువాతి కాలంలో చీరాల, రెంటచింతల ప్రాంతాలకు కూడా ఈ మిషన్ వైద్యసేవలు విస్తరించాయి. 1930 జులై 26న కుగ్లర్ గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆమె పేరే స్థిరపడింది.

మన దేశంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. సమానత్వం, గౌరవం, అందుబాటు ఆ చట్టానికి మూలస్తంభాలు. అయితే చట్టం గడప వరకే తీసుకువెళుతుంది; గడప దాటించేది మనిషి నడత. పత్తి చేలలో పనిచేసే కుటుంబంలోని వినికిడి లేని పిల్లతో ఆమె సైగలలో, పల్నాడు తండాలోని వృద్ధునితో లంబాడీ భాషలో, గుంటూరు ముస్లిం గృహిణితో ఉర్దూలో మాట్లాడగలిగినప్పుడే సేవ సార్థకమవుతుంది. ఇంట్లో ఎవరిని ముందుగా పలకరించాలో, ఏ వేళకు వెళ్లాలో, ఏ ఉపకరణం వారి బ్రతుకుతెరువుకు ఉపయోగపడుతుందో వారినే అడిగి తెలుసుకోవాలి. సేవకు తొలిమెట్టు ఇవ్వడం కాదు, వినడం. పరాయి దేశం నుండి వచ్చి తెలుగు నేర్చుకొని, తెలుగు ఇళ్ల గడపలు దాటిన కుగ్లర్ జీవితం చెప్పే పాఠమిదే.