బొగ్గుట్టకు దారి చూపిన డాక్టర్ కింగ్

ఇల్లందు: బాయి పనికి పోయిన ఇళ్ళలో కింగ్ సీము పేరు ఎరుగనివారు ఉండరు. ఆ మేలురకం బొగ్గు పొరకు పెట్టింది ఏ రాజుగారి పేరో కాదు, భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ పేరు.

ఆయన తండ్రి ఐర్లండులోని గాల్వేలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరారు. 1863లో మద్రాసు సమీపాన అత్తిరంపాక్కం వద్ద బ్రూస్ ఫుట్‌తో కలిసి ఆదిమానవుల రాతి పనిముట్లు గుర్తించారు. గోదావరి లోయలో రాళ్ళు పరీక్షిస్తూ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నారు.

బొగ్గు కనబడగానే సరిపోతుందా? మోసుకుపోవడానికి రైలు లేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొందింది. 1889లో గాని తవ్వకం మొదలు కాలేదు. ఆ రోజుల్లోనే డోర్నకల్ వైపు నుంచి రైలూ వచ్చింది. కప్పు కూలకుండా నడుమ బొగ్గు స్తంభాలు వదిలి చుట్టూ తవ్వుకుంటూ పోయేవారు. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన కూలీల పేర్లు మాత్రం ఏ పొరకూ పెట్టలేదు.

బాయి తెరిచేనాటికి కింగ్ ఆ శాఖకే డైరెక్టరు. 1894 వరకు ఆ పదవిలో ఉండి, 1900లో మరణించారు. కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది 1920లో. ఆ పేరు పక్క ఊరిది.