గిడుగు గారు, పైథాన్, మా మామ్మ మాటలు

పోయిన సెమిస్టర్‌లో మన మ్యాగజైన్‌కి వచ్చిన రచనల్లో పదాలు లెక్కపెట్టడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఇరవై లైన్లు కూడా ఉండదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ మాడ్యూల్ తీసుకుని, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, పక్కన ఒక ప్లస్ పెడితే పదాలన్నీ విడివిడిగా వచ్చేయాలి. ఇంగ్లీష్ మీద బాగానే వచ్చాయి. తెలుగు అనే మాట ఇస్తే మాత్రం త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెట్టింది. ఎత్వం, కొమ్ములు అన్నీ ఎగిరిపోయాయి. చిన్న కవిత కూడా కథంత లెక్క చూపించింది.

నా కోడ్‌లోనే తప్పుందేమో అని రాత్రంతా కూర్చున్నా. తర్వాత ఇజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్‌ని అడిగా, ఈ మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని. ఫాల్స్ అంది. అప్పుడు డాక్యుమెంటేషన్ తెరిచా (మొదట చదవాల్సింది అదే, మనం ఆఖర్న చదువుతాం). యూనికోడ్‌లో లెటర్ అనే కేటగిరీలో ఉన్నవే ఇక్కడ అక్షరాలు అని స్పష్టంగా రాసి ఉంది. మన గుణింతపు గుర్తులు యూనికోడ్ లెక్కలో లెటర్లు కావు, మార్కులు. అదే యూనికోడ్‌లో ఆల్ఫబెటిక్ అని ఇంకో లక్షణం ఉందని, తమ నిర్వచనం దానికి వేరని కూడా ఒక వాక్యం ఉంది. ఆ రెండో లెక్కలో గుణింతాలు పాసవుతాయి. పొల్లు గుర్తు అందులో కూడా ఉండదు కాబట్టి అమ్మ అనే మాట ఎటు చూసినా ఫెయిలే! అంటే లైబ్రరీ ప్రవర్తన మారలేదు. ఎవరో పుణ్యాత్ములు మనలాంటి వాళ్లు తికమక పడకుండా ఆ వాక్యం మాత్రం రాసి పెట్టారు.

సరిగ్గా ఆ వారమే ఆగస్టు 29 కోసం గిడుగు రామమూర్తి గారి మీద రాయమని క్లబ్‌లో నాకు అప్పజెప్పారు. నేను యూకేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఆయన గురించి నాకు తెలిసిందల్లా తెలుగు భాషా దినోత్సవం ఫ్లెక్సీ మీద ఫోటో. చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, ఆయన జీవితమంతా చేసింది కూడా ఈ పనే. పుస్తకంలో ఒకటి రాసి ఉండి, జనం ఇంకోలా మాట్లాడుతుంటే, బగ్ ఎక్కడున్నట్టు?

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. నాన్న వీర్రాజు, అమ్మ వెంకమ్మ. పన్నెండేళ్లు కూడా సరిగ్గా నిండకుండానే తండ్రి పోయారు. విజయనగరంలో మహారాజా వారి స్కూల్లో చదివారు, గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన క్లాస్‌మేట్. 1879లో మెట్రిక్ పాసై, మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో టీచర్‌గా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు. అప్పటికి ఆయన వయసు నాకంటే రెండేళ్లు తక్కువ. బీఏ తర్వాత ఎప్పుడో, ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా పూర్తి చేశారు.

పర్లాకిమిడి అంటే మా టెక్కలి వాళ్లకి దూరమేం కాదు. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో రాజా వారు చిన్న రైలు వేయించారు. 1931లో అది గుణుపురం దాకా, అంటే సవరలు ఉండే కొండల దాకా పోయింది. మా తాత ఎక్కింది ఆ చిన్న రైలే. నేను ఎక్కింది బ్రాడ్‌గేజ్ అయ్యాక.

ఆ కొండల్లోంచి సంతకి దిగి వచ్చే సవరల భాష ఊళ్లో ఎవరికీ పట్టలేదు. గిడుగు గారికి పట్టింది. వాళ్ల పిల్లలకి చదువు చెప్పాలంటే వాళ్ల మాటల్లోనే చెప్పాలి, అందుకు ముందు ఆ భాష తనకి రావాలి. నేర్చుకోవడానికి పుస్తకం లేదు, లిపి లేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా అడిగి నేర్చుకున్నారు. సవర భాష తెలుగుకి చుట్టం కాదు. అది ముండా కుటుంబం, సంతాలీ, ముండారీల వైపుది. అంటే తెలుగు వ్యాకరణం నుంచి కాపీ పేస్ట్ చేసుకోవడానికి ఏమీ లేదు. శబ్దాల దగ్గర నుంచి అంతా కొత్తగా రాసుకోవాలి.

రాశారు. వాచకాలు, పాటలు, కథలు తయారుచేశారు. సవర పిల్లలకి స్కూళ్లు పెట్టి టీచర్లకి జీతాలు సొంత డబ్బులతో ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకి పారితోషికం ఇస్తామంటే తీసుకోకుండా, ఆ డబ్బు సవర స్కూళ్లకే పెట్టమన్నారు. 1913లో రావు బహదూర్ బిరుదిచ్చారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వచ్చింది, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. నేను ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. చెవులతో చేయాల్సిన పని అది. రాయని భాషలో ఒక అచ్చు పొడవా పొట్టా అని తేల్చడానికి చెవి తప్ప ఇంకేం ఉంటుంది? అయినా 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీష్ నిఘంటువు వచ్చాయి. మొదటి పుస్తకం ఇంగ్లీష్ పేరులోనే సోరా అనే మాట మధ్యలో కోలన్ గుర్తులు కనిపిస్తాయి. ముందు చూసి ప్రింటింగ్ తప్పనుకున్నా. అవి దీర్ఘాలకి గుర్తులు. అట్ట మీద కూడా ఆయన పలుకుబడి వదల్లేదు!

(ఒక తమాషా. 1936లో మంగేయి గమాంగో గారు సవరకి సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. అందులో గుణింతపు గుర్తులు విడిగా లేవు, అచ్చులు కూడా పూర్తి అక్షరాలే. కాబట్టి ఇజ్‌ఆల్ఫాకి సవర మాట ఇస్తే ట్రూ, తెలుగు మాట ఇస్తే ఫాల్స్.)

ఇక తెలుగు గొడవ. 1906, 07 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీష్ దొర ఈ జిల్లాల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో నేర్పే తెలుగు ఇంకొకటి ఎందుకుందని అడిగాడు. గిడుగు గారికి అది అప్పటి నుంచి పట్టుకుంది. 1858లో చిన్నయ సూరి బాలవ్యాకరణం వచ్చాక పండితులకి అదే స్టాండర్డ్. దాని ప్రకారం లేనిదంతా తప్పు. పిల్లలు తమ నోట ఎప్పుడూ రాని భాషలో పరీక్షలు రాయాలి.

గిడుగు గారు వ్యాకరణం తగలబెట్టమనలేదు. అది ఆయనకి పండితుల కంటే బాగా వచ్చు. ఆయన చేసింది టెస్టింగ్. పాత కావ్యాలు తీసి, పాత లిపులు సొంతంగా నేర్చుకుని శాసనాలు చదివి, గొప్ప కవులు కూడా ఆ సూత్రాలకి లొంగని మాటలు ఎన్ని వాడారో చూపించారు. బాలకవి శరణ్యం అలాంటి పుస్తకం. గద్య చింతామణి ఇంకా గడుసుది. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులే తమ వచనంలో ఆ నియమాల్ని ఎక్కడెక్కడ తప్పారో ఏరి పెట్టారు. నియమం రాసినవాళ్లే పాటించలేకపోతే, ఆ నియమం ఎవరి కోసం?

తేలిగ్గా గెలవలేదు. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసం వాడుక భాషలో కూడా రాయొచ్చని వెసులుబాటు వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా వ్యతిరేకించడంతో కొద్ది కాలంలోనే పోయింది. అప్పటికే గిడుగు గారు రిటైరయ్యారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు, అదీ ఎక్కువ కాలం నడవలేదు. ఊరూరా తిరిగి, వినపడని చెవులతోనే సభల్లో వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది. అది ఇష్టం లేక, యాభై ఏళ్లకి పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో పోయారు.

నాకు ఒక్కటి మింగుడు పడలేదు. ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల వాడుక. చివరికి పేపర్లలో, పుస్తకాల్లో నిలబడింది ఎక్కువగా గోదావరి, కృష్ణా వైపు వాడుక. గొడవ మొదలుపెట్టింది మా వంశధార మనిషి, స్టాండర్డ్ అయింది మాత్రం మా మాట కాదు. ఇందుకు ఆయన్ని తప్పుపట్టాలో లేదో నాకు తెలీదు. ఆ కాలంలో అంతకంటే అడిగితే అదీ వచ్చేది కాదేమో.

ఇది ఊరికే అనడం లేదు. పదాలు లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కి తర్వాత స్పెల్లింగ్ చెకింగ్ కూడా తగిలించాను. నెట్‌లో దొరికిన పదాల లిస్ట్‌లో లేనిదానికి ఎర్ర గీత. ఫస్టియర్ అబ్బాయి ఒకడు ఉద్దానం నుంచి, వాళ్ల జీడితోట మీద రాసి పంపాడు. ఎర్ర గీతలు పడ్డ చోటల్లా నేను సరిచేశాను. ఏటి ఉన్నచోట ఏమిటి, ఎలిపోనాడు ఉన్నచోట వెళ్లిపోయాడు. పోయిన సంచికలో అలాగే వేశాం. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. కానీ మళ్లీ ఏమీ పంపలేదు. తమాషా ఏంటంటే ఆ మాటలన్నీ మా మామ్మ మాట్లాడేవే. ఇంట్లో వింటే తెలుగు, స్క్రీన్ మీద చూస్తే నాకు బగ్ అయిపోయాయి.

ప్రోగ్రామ్ మార్చాను. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ తీసేసి తెలుగు బ్లాక్ మొత్తం, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఇచ్చాను. గుణింతాలు నిలబడ్డాయి. బస్‌లో లాంటి మాటలు ఇంకా రెండుగా విరిగేవి, మధ్యలో కనపడని నాన్-జాయినర్ గుర్తు ఆ బ్లాక్ బయట ఉంటుంది కాబట్టి. దాన్నీ కలిపాను. ఎర్ర గీత తీసేసి, లిస్ట్‌లో లేదు అని మాత్రం చూపిస్తుంది, తప్పు అనదు. దసరా సెలవుల్లో మామ్మ దగ్గర కూర్చుని అరవై మాటలు రాసుకుని లిస్ట్‌లో వేశాను. గుంటడికి చదువు ఎక్కువై మతి పోయిందని ఆవిడ పక్కింటి వాళ్లకి చెప్పింది. గుంటడు కూడా లిస్ట్‌లో ఉంది.

ఆ అబ్బాయిని వెతికి పట్టుకుని సారీ చెప్పాను. అతను మొదట రాసింది రాసినట్టే ఈ సంచికలో మళ్లీ వేస్తున్నాం. చివరి పేరాలో వాళ్ల చిన్నాన్న ఎలిపోనాడు.