ఫ్రాన్సిస్ బారౌడ్

ఫ్రాన్సిస్ బారౌడ్ (జూన్ 16, 1856 - ఆగష్టు 29, 1924) ఆంగ్ల చిత్రకారుడు. గ్రామఫోను బూరా ఎదుట తల ఒరగేసి కూర్చున్న కుక్క బొమ్మను చిత్రించినవాడు. హెచ్.ఎం.వి. రికార్డులపై ఆ బొమ్మను చూడని పాతతరం తెలుగువారు అరుదు. చిత్రకారుని పేరు ఎరిగినవారు మాత్రం బహు కొద్దిమంది.

జీవితం

బారౌడ్ లండనులో జన్మించాడు. తండ్రి హెన్రీ, పెదతండ్రి విలియం ఇద్దరూ జంతువుల చిత్రాలకు పేరుపొందినవారే. ఫ్రాన్సిస్ రాయల్ అకాడమీ పాఠశాలలోను, తరువాత బెల్జియం దేశంలోని ఆంట్వెర్ప్‌లోను చిత్రకళ అభ్యసించాడు.

నిప్పర్

ఆయన సోదరుడు మార్క్ బ్రిస్టల్ నగరంలో నాటకాల తెరలు చిత్రించేవాడు. మార్క్ పెంచిన కుక్క పేరు నిప్పర్. వచ్చిపోయేవారి పిక్కలు పట్టుకొనే అలవాటు వలన దానికి ఆ పేరు వచ్చిందంటారు. 1887లో మార్క్ మరణించగా ఫ్రాన్సిస్ దానిని లివర్‌పూల్‌కు తీసుకుపోయాడు. అక్కడ ఫోనోగ్రాఫు నుండి వెలువడే ధ్వనిని అది విస్మయంతో ఆలకించడం ఆయన మనసులో నిలిచిపోయింది. నిప్పర్ 1895లో చనిపోయింది. అది మరణించిన మూడేళ్ళకు, అనగా 1898లో, ఆయన ఈ చిత్రాన్ని గీశాడు. కుక్క కూర్చున్నది యజమాని శవపేటిక మీద అన్న కథ ప్రచారంలో ఉన్నది కాని, దానికి ఆధారం లేదు.

చిత్రం అమ్మకం

చిత్రాన్ని రాయల్ అకాడమీ ప్రదర్శనకు స్వీకరించలేదు. ఫోనోగ్రాఫులు అమ్మే ఎడిసన్ బెల్ కంపెనీ కూడా తిరస్కరించింది. చిత్రంలోని నల్లని బూరాకు బదులు ఇత్తడి బూరా వేస్తే కాంతివంతంగా ఉంటుందని తలచి, నమూనా కోసం 1899లో బారౌడ్ గ్రామఫోన్ కంపెనీకి వెళ్ళాడు. యంత్రాన్నే మార్చి తమ గ్రామఫోనును గీస్తే కొంటామని కంపెనీవారు అన్నారు. ఆయన అంగీకరించాడు. చిత్రానికి 50 పౌండ్లు, హక్కులకు మరో 50 పౌండ్లు ముట్టాయి.

ఈ మార్పుతో చిత్రం అర్థమే కొంత మారిపోయింది. ఫోనోగ్రాఫు గొట్టంపై ఇంటివారు తమ గొంతును తామే నమోదు చేసుకోవచ్చును. కనుక కుక్క తన యజమాని గొంతు వినడం సాధ్యమే. గ్రామఫోనుకు ఆ సౌకర్యం లేదు. అసలు చిత్రాన్ని పక్కనుండి పరికిస్తే రంగు కింద పాత యంత్రపు జాడలు నేటికీ కనిపిస్తాయి.

బొమ్మ రికార్డులు, ముల్లుల డబ్బాలు, ప్రకటనలు, పోస్టుకార్డులపై లోకమంతా తిరిగింది. బారౌడ్ తన చేతితోనే దీనికి 24 నకళ్ళు గీశాడు. 1919 నుండి కంపెనీ ఏటా 250 పౌండ్ల భృతి ఇచ్చింది, తరువాత 350కి పెంచింది.

భారతదేశంలో

కంపెనీ 1908లో కలకత్తాలో రికార్డుల కర్మాగారం నెలకొల్పింది. ఘంటసాల పాడిన పుష్పవిలాపం, భగవద్గీత ఈ కుక్క గుర్తుతోనే తెలుగు ఇళ్ళకు చేరాయి. భారతీయ శాఖ 2000లో సారెగమగా పేరు మార్చుకున్నది.