పిల్లలను చదివిన డాక్టరమ్మ - మరియా మాంటిస్సోరి

మాంటిస్సోరి పేరు మనకు కొత్త కాదు. మన పట్టణాల్లో ఆ పేరుతో ఎన్నో స్కూలు బోర్డులు చూశాం. అక్కడి ఫీజులు చూసి అది డబ్బున్నవాళ్ళ చదువని చాలామంది అనుకుంటారు. కానీ ఆ చదువు మొదలైంది కూలీల పిల్లలతో.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో జన్మించారు. ఆమె డాక్టరు కావడం తండ్రికే ఇష్టం లేదు. మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష నేర్చుకోనివ్వకపోతే, అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం ఒంటరిగా నేర్చుకున్నారు. 1896లో వైద్య పట్టా పొందారు. మొదట బుద్ధిమాంద్యం గల పిల్లలతో పనిచేసి, వారికి మందులకన్నా తగిన చదువే ముఖ్యమని గ్రహించారు.

1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె బడి మొదలైంది. తల్లిదండ్రులు పనికి పోతే ఆలనాపాలనా లేని యాభైమందికి పైగా చిన్నారులు అందులో చేరారు. ఆమె ముందుగా వారిని గమనించారు. మూడేళ్ళ పాప ఒకతె చెక్కముక్కలను వాటి గుంతల్లో అమర్చి, తీసి, మళ్ళీ అమర్చుతూ ఉంది. కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా, పక్కపిల్లలచేత పాటలు పాడించినా తలెత్తలేదు. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టాక 44 సార్లు అదే పని చేసింది.

మరోరోజు టీచరు బీరువాకు తాళం వేయడం మరిచిపోయింది. పిల్లలు ఎవరికి నచ్చిన వస్తువు వారు తీసుకుని పనిలో మునిగిపోయారు. టీచరు దాన్ని దొంగతనమనుకుంది. మాంటిస్సోరికి మాత్రం ఏ బిడ్డకు ఏది కావాలో ఆ బిడ్డే చూపిస్తున్నట్లు అర్థమైంది. ఆ తర్వాత వస్తువులన్నీ పిల్లలకు అందే ఎత్తులో పెట్టించారు.

ఇంతమంది పిల్లలను అక్కున చేర్చుకున్న ఆమె, 1898లో పుట్టిన తన కొడుకు మారియోను దగ్గర పెట్టుకోలేకపోయారు. పెళ్ళికాని తల్లిని లోకం బతకనివ్వని కాలమది. ఆ బిడ్డ పల్లెలో పరాయివారి దగ్గర పెరిగాడు. దాదాపు పదిహేనేళ్ళకు తల్లి చెంతకు చేరి, జీవితాంతం ఆమె పనికి తోడయ్యాడు. 1939లో ఇద్దరూ మద్రాసులోని అడయారుకు వచ్చారు. యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 1952 మే 6న ఆమె నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

తల్లికి దూరంగా పెరగడమంటే ఏమిటో హాస్టల్లో ఉన్న మనకు వేరే చెప్పాలా? మనందరికీ ఒకే గంట, ఒకే వరుస, ఒకే మెనూ. అది అవసరమే. కానీ మనసులు ఒకటి కావు. ఒకరికి పైకి చదివితేనే ఎక్కుతుంది, మరొకరికి నిశ్శబ్దం కావాలి. కొత్తగా చేరిన తమ్ముళ్ళలో ఒకడు ఇంటిమీద బెంగతో నోరు మెదపడు, ఇంకొకడు అదే బెంగతో తగవులాడతాడు. ఇద్దరికీ ఒకే మందలింపు పనికిరాదు. మొదటివాడి పక్కన కాసేపు కూర్చోవాలి. రెండోవాడికి ఆటలోనో వడ్డనలోనో ఒక బాధ్యత అప్పగించాలి.

సీనియర్లమైన మనం కేకలేసే ముందు తమ్ముళ్ళను కాసేపు గమనిద్దాం. మాంటిస్సోరి చదువులో అసలు పాఠం ఇదే. దీనికి ఫీజు కట్టనక్కరలేదు.