విశ్వేశ్వరయ్య గారు ఇంజనీరైన దారి

ఏటా సెప్టెంబర్ 15న మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఇంజనీరింగ్ చదవాలనే కోరిక ఉన్న ప్రతి హాస్టల్ విద్యార్థీ ఆయన పేరు వినే ఉంటాడు. ఆయన కట్టించిన ఆనకట్టల గురించి పాఠ్యపుస్తకాల్లో చదివాం. అయితే ఆయన ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం ఎలా ఎక్కారన్నది చాలామందికి తెలియదు. మనలాంటి వాళ్లం ముందుగా తెలుసుకోవలసింది అదే.

బాల్యం

విశ్వేశ్వరయ్య గారు 1861లో (కొందరు 1860 అంటారు) అప్పటి మైసూరు సంస్థానంలోని చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. వారి పూర్వీకులది మన గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరైంది. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. విద్య ఉన్న ఇల్లే గాని డబ్బున్న ఇల్లు కాదు. పైగా చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించి, మేనమామ అండతో బెంగుళూరు చేరి హైస్కూలు చదివారు. తర్వాత సెంట్రల్ కాలేజీలో చేరారు. ఖర్చులకు సరిపోక పిల్లలకు ట్యూషన్లు చెప్పుకున్నారు. అలా చదివి 1881లో మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఎ. పట్టా పొందారు.

బి.ఎ. తర్వాత ఇంజనీరింగ్

ఆ రోజుల్లో దేశం మొత్తం మీద చెప్పుకోదగ్గ ఇంజనీరింగ్ కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఉత్తరాన రూర్కీ, బెంగాల్‌లో శిబ్‌పూర్, మద్రాసులో గిండీ, బొంబాయి రాష్ట్రంలో పూనా. మైసూరు సంస్థానంలో ఒక్కటీ లేదు. ప్రజాపనుల శాఖలో పెద్ద ఉద్యోగాల కోసమైతే ఇంగ్లండులోని కూపర్స్ హిల్‌లో 1870 దశకంలో ప్రత్యేకంగా ఒక కాలేజీ పెట్టి, అక్కడ చదివిన వారిని ఇక్కడికి పంపేవారు. మన దేశపు కుర్రవాడికి ఇంజనీరు కావడమంటే అంత ఇరుకు దారి.

విశ్వేశ్వరయ్య గారికి తెలివి ఉంది, మార్కులు ఉన్నాయి, గణితంలో పట్టు ఉంది. లేనిది పూనా వెళ్లి చదివే స్తోమత. అప్పుడు మైసూరు ప్రభుత్వం ఆయనకు స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ డబ్బుతోనే ఆయన పూనా సైన్స్ కాలేజీలో చేరారు. 1883లో ఎల్.సి.ఇ. అనే సివిల్ ఇంజనీరింగ్ పరీక్షలో బొంబాయి రాష్ట్రానికే మొదటివారుగా నిలిచారు. బొంబాయి ప్రభుత్వం వెంటనే ఆయనను ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా తీసుకుంది.

మిత్రులారా, ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఆయన పదో తరగతి కాగానే తిన్నగా ఇంజనీరింగ్‌లోకి వెళ్లలేదు. ముందు ఆర్ట్స్ డిగ్రీ, తర్వాత ఇంజనీరింగ్. రెండవది, ఆయనను పూనా పంపింది ప్రభుత్వ సొమ్ము. మొదటి ర్యాంకు తెచ్చింది ఆయన కష్టం. రెండింటిలో ఏది లేకున్నా మనకు విశ్వేశ్వరయ్య ఉండేవారు కాదు.

నీటి ఇంజనీరు

ఉద్యోగ జీవితంలో ఆయన దృష్టి అంతా నీటి మీదే. 1890 దశకంలో సింధులోని సుక్కూరు పట్టణానికి సింధు నది నుంచి మంచినీరు అందించే పని పూర్తి చేశారు. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తాను రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. నీరు నిర్ణీత మట్టం దాటితే ఆ గేట్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, మట్టం తగ్గితే మూసుకుంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలవ చేయగలిగారు. కాలువ నీరు కొందరికే పోకుండా ఎక్కువ గ్రామాల రైతులకు వంతులవారీగా అందేలా బ్లాక్ పద్ధతిని ప్రవేశపెట్టారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది ప్రాణాలు పోయాయి. అప్పటికి ఆయన బొంబాయి ఉద్యోగం వదిలి విదేశాల్లో పర్యటిస్తున్నారు. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో వచ్చి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని సూచించారు. ఆ సూచన ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఆ నిర్మాణాల్లో పాలుపంచుకుని, తర్వాత నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ కూడా నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీదే ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్‌లో చదివారు. ఆయన జన్మదినం జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

మైసూరు దివాన్

1909లో విశ్వేశ్వరయ్య గారు మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పనులు మొదలయ్యాయి. 1912 నుంచి 1918 వరకు సంస్థానానికి దివాన్‌గా ఉన్నారు. ఆయన హయాంలోనే 1913లో నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. 1917లో బెంగుళూరులో ఇంజనీరింగ్ కాలేజీ ప్రారంభమైంది. తాను వందల మైళ్లు పోయి చదివిన చదువును తమ పిల్లలకు సొంత ఊళ్లో దొరికేలా చేశారు. ఆనకట్టలతో సమానంగా చెప్పుకోవలసిన పని ఇది.

మనం దాచకూడని సంగతి

పెద్దల చరిత్ర రాసేటప్పుడు నచ్చినవే రాసి మిగతావి వదిలేయడం మంచిది కాదు. 1918లో మైసూరు మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడెయార్, ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు వాటా కల్పించే విషయం పరిశీలించడానికి మిల్లర్ కమిటీని వేశారు. విశ్వేశ్వరయ్య గారు దీన్ని ఒప్పుకోలేదు. చదువు అందరికీ ఇవ్వాలి గాని ఉద్యోగాలకు ప్రతిభ ఒక్కటే కొలత కావాలని ఆయన అభిప్రాయం. ఆ ఏడాది చివరలో దివాన్ పదవి నుంచి తప్పుకున్నారు. 1919లో కమిటీ నివేదిక వచ్చింది, వాటా అమలైంది.

ఆయన నిజాయితీని శంకించనక్కర లేదు. కాని ఆయన జీవితమే ఆయన వాదానికి సమాధానం చెబుతుంది. ట్యూషన్ డబ్బులతోనే ఉండిపోతే ఆయన ప్రతిభ పూనా చేరేది కాదు. ఇంట్లో చదువు లేక, బడి గడప తొక్కనివ్వక ఆగిపోయిన ప్రతిభావంతులు ఆనాటి పల్లెల్లో ఎంతమందో. రిజర్వేషన్, హాస్టల్, స్కాలర్‌షిప్ మనల్ని గుమ్మం వరకు తెస్తాయి. లోపల పరీక్ష అందరికీ ఒక్కటే, పాస్ మార్కులూ ఒక్కటే. సీటు ఎలా వచ్చిందని ఎవరైనా ఎద్దేవా చేస్తే తమ్ముళ్లూ చెల్లెళ్లూ తల దించుకోనక్కర లేదు.

ఈనాటి దారులు

ఈనాడు ఇంజనీరింగ్‌కు దారులు పెరిగాయి. తెలియక నష్టపోకుండా ఉండడానికి క్లుప్తంగా రాస్తున్నాం.

పదో తరగతి మార్కుల మీద ఆర్.జి.యు.కె.టి. ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల కోర్సులో చేరవచ్చు.

పది తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా, ఆపై ఇ-సెట్ ద్వారా బి.టెక్. రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. బి.ఎస్సీ.లో గణితం చదివిన వారికీ ఇ-సెట్ అవకాశం ఉంది. డిగ్రీ చేసి ఇంజనీరింగ్‌కు వెళ్లిన విశ్వేశ్వరయ్య గారి దారి ఇంకా మూసుకుపోలేదన్నమాట.

ఇంటర్ ఎం.పి.సి. చదివిన వారికి ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఇఏపీసెట్ ఉంది. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాల వారికి 40 శాతం మార్కులు ఉండాలి.

ఎన్.ఐ.టి.లకు జె.ఇ.ఇ. మెయిన్, ఐ.ఐ.టి.లకు ఆపై అడ్వాన్స్‌డ్. ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం మార్కులు గాని, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో స్థానం గాని ఉండాలి. అందుచేత పోటీ పరీక్షల మోజులో ఇంటర్ మార్కులు వదులుకోవద్దు. కులం, ఆదాయం ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ నాటికి కాదు, ముందే తీసి పెట్టుకోవాలి.

విశ్వేశ్వరయ్య గారికి 1955లో భారతరత్న లభించింది. నూరేళ్లు నిండిన తర్వాత 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు. అది బాబాసాహెబ్ అంబేద్కర్ జయంతి. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా వెళ్లి చదివిన అంబేద్కర్ గారు, తనలాంటి వారందరికీ ఆ అవకాశం హక్కుగా ఉండాలని పోరాడారు. ఆ హక్కు మీదే మన హాస్టల్ నిలిచి ఉంది. విశ్వేశ్వరయ్య గారి క్రమశిక్షణనూ, అంబేద్కర్ గారు ఇచ్చిన హక్కునూ రెండు చేతులా పట్టుకుని చదువుదాం. వచ్చే వార్షికోత్సవ సంచికలో మన ఇంజనీర్ల పేర్లు ఇంకా ఎక్కువగా ఉండాలని కోరుకుందాం.