తీగ మీద వంతులు పెట్టినవాడు – ఎమిల్ బోదో

ఈసారి మహనీయుల జీవితాలలో నేను ఎమిల్ బోదో గురించి రాస్తున్నాను. వార్తలు ఎంత వేగంగా పోతాయో కొలిచే ఒక కొలతకు ఈయన పేరే పెట్టినారు.

బోదో 1845 సెప్టెంబర్ 11న ఫ్రాన్సు దేశంలో మాన్యో అనే పల్లెలో పుట్టినాడు. వాళ్లది సేద్యం చేసుకునే ఇల్లు. ఆయన చదివింది ఊరి ప్రాథమిక బడి వరకే. ఆ తర్వాత నాయన పొలంలోనే పనిచేసినాడు. 1869లో ఆ దేశపు తంతి తపాలా శాఖలో పని నేర్చుకునే ఆపరేటరుగా చేరినాడు. అక్కడ మోర్స్ టెలిగ్రాఫ్ నేర్పినారు. తర్వాత అక్షరాలను కాగితం మీద అచ్చుకొట్టే హ్యూస్ యంత్రం మీద నాలుగు నెలల శిక్షణ ఇచ్చినారు. మధ్యలో యుద్ధం వస్తే కొన్నాళ్లు దానికి కూడా పోయివచ్చి, 1872లో పారిస్‌లో మళ్లీ ఉద్యోగంలో కుదురుకున్నాడు.

టెలిగ్రాఫ్ అంటే ఇప్పటి పిల్లలకు తెలీదు. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. అంతకుముందు టెలిగ్రాం వచ్చిందంటే చాలు, చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేదంట. వందల మైళ్లు స్తంభాలు నాటి తీగ లాగాలంటే చానా ఖర్చు. అంత ఖర్చు పెట్టి లాగిన తీగ ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య ఊరికే ఖాళీగా ఉంటాది. బోదో దీన్ని కనిపెట్టినాడు. ఆ ఖాళీలో ఇంకొకరి వార్త పంపిస్తే ఏమి అని ఆలోచించినాడు. డ్యూటీ అయిపోయినాక తన సొంత సమయంలో ఈ పని చేసుకున్నాడు.

మా గూడెంలో ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రోకళ్లతో దంచుతారు. ఒక రోకలి లేస్తే ఇంకొకటి పడుతుంది. తాళం తప్పితే రెండు రోకళ్లు కొట్టుకుంటాయి. బోదో యంత్రం కూడా అట్లాంటిదే. తీగకు రెండు కొనల్లోనూ ఒకే వేగంతో తిరిగే చేతులు పెట్టినాడు. అవి తిరిగే కొద్దీ తీగ మొదటి ఆపరేటరుకు, తర్వాత రెండో ఆపరేటరుకు, ఇట్లా అందరికీ వంతుగా దొరుకుతుంది. తన వంతు వచ్చినప్పుడు యంత్రం టిక్కుమంటుంది. అప్పుడే మీటలు నొక్కాలి.

మీటలు ఐదే. ఎడమ చేతికి రెండు, కుడి చేతికి మూడు. ఒక్కో మీటను నొక్కడమో నొక్కకపోవడమో, రెండే దారులు. ఐదు మీటలకు 2×2×2×2×2 = 32 రకాలు వస్తాయి. వాళ్ల 26 అక్షరాలకు అవి చాలు. నొక్కామా లేదా అనే ఈ ఒక్క సంగతినే ఇప్పుడు మనం బిట్ అంటున్నాం.

1874లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. 1877లో పారిస్ నుంచి బోర్డో పట్టణానికి ఉండే లైను మీద పరీక్షించినారు. 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఉద్యోగంలో ఇంజనీరు హోదా దాకా ఎదిగినాడు. అయితే సుఖం తక్కువ. 1890లో పెళ్లి చేసుకుంటే మూడు నెలలకే భార్య చనిపోయింది. ఆయనకు కూడా ఆరోగ్యం బాగుండేది కాదు. 1903 మార్చి 28న కన్నుమూసినాడు. 1920లలో టెలిగ్రాఫ్ వేగానికి బాడ్ అని ఆయన పేరుతో కొలత పెట్టినారు. సెకనుకు ఒక గుర్తు పోతే ఒక బాడ్.

గుర్తుకు ఒకే బిట్ ఉంటే బాడ్, బిట్ లెక్క సమానం. తర్వాత వచ్చిన మోడెములు ఒక్కో గుర్తులో నాలుగు బిట్లు పెట్టి, 2400 బాడ్‌తోనే సెకనుకు 9600 బిట్లు పంపించినాయి. కాబట్టి రెండూ ఒకటే అనుకోకూడదు.

బోదో వేగం ఎంతో నేను లెక్క వేసినాను. ఒక ఆపరేటరు నిమిషానికి 30 మాటలు. మాటకు ఐదు అక్షరాలు, ఒక ఖాళీ అనుకుంటే 180 గుర్తులు, అంటే సెకనుకు 3. అక్షరానికి 5 బిట్లు కాబట్టి 15 బిట్లు. నలుగురు కూర్చుంటే 60 బిట్లు. ఇప్పటి కంప్యూటరులో మన అమ్మ అనే మాటకే 12 బైట్లు కావాలి. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 96 బిట్లు. నలుగురు కలిసి పంపినా సెకనున్నర దాటుతుంది.

ఈ లెక్క మనకెందుకు అంటారా? మన బడికి ఇంటర్నెట్ లైను అడిగేటప్పుడు ఎంత కావాలో మనమే చెప్పాలి గదా. తరగతిలో 40 మందిమి. ఇద్దరికొక ట్యాబు అంటే 20. ఒక్కో వీడియో పాఠానికి 2 మెగాబిట్లు అనుకుందాం. 20×2 = 40. అంటే 40 ఎంబీపీఎస్ కావాలి. 10 ఎంబీపీఎస్ ఇచ్చి సరిపెట్టుకోమంటే ఐదు ట్యాబులే ఆడతాయి, తక్కిన 15 ట్యాబుల వాళ్లు చూస్తూ కూర్చోవాలి. ఇంకో సంగతి. లైను వేగం మెగాబిట్లలో చెప్తారు, ఫైలు బరువు మెగాబైట్లలో చెప్తారు. 240 మెగాబైట్ల పాఠం 8 మెగాబిట్ల లైను మీద 30 సెకన్లలో రాదు. 240ని 8తో గుణించి 8తో భాగించాలి. 240 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలు పడుతుంది. ఈ ఎనిమిది మర్చిపోతే అడిగేవాళ్లం నష్టపోతాం.

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. బోదో ప్రాథమిక బడితోనే ఆగినా నేర్చుకోవడం ఆపలేదు. ఒకే తీగను నలుగురికి సమానంగా పంచినాడు. మన లైను వచ్చినప్పుడు కూడా వంతులు అట్లాగే ఉండాలి, చిన్న తరగతి పిల్లలకు కూడా.

– 9వ తరగతి విద్యార్థిని