మక్కాలో పుట్టిన మన మౌలానా

జెద్దా: ఇక్కడ కాలో చెయ్యో విరిగితే అకామా, ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని దగ్గరున్న ఆస్పత్రికి పరుగెడతాం. నూట ముప్పై ఏళ్ల కిందట ఆ సౌకర్యం ఎక్కడిది? అప్పట్లో ఇదే జెద్దాలో ఓ భారతీయ పెద్దమనిషి కింద పడి కాలి ఎముక విరగ్గొట్టుకున్నారు. కట్టయితే కట్టారు గానీ ఎముక సరిగ్గా అతుక్కోలేదు. కలకత్తా డాక్టర్లయితే బాగుచేస్తారని చెప్పడంతో 1890లో భార్యాపిల్లలతో ఓడెక్కారు. కాలు నయమయ్యాక తిరిగొచ్చేద్దామనే ఆయన అనుకున్నారు. అక్కడి శిష్యులు కదలనివ్వలేదు. ఆ కుటుంబంతో కలకత్తా చేరిన రెండేళ్ల పిల్లాడే మౌలానా అబుల్ కలాం ఆజాద్.

స్వతంత్ర భారత తొలి విద్యాశాఖ మంత్రి పుట్టిన ఊరు మక్కా అని, ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న మనలోనే చాలామందికి తెలియదు. ఆయన 1888 నవంబర్ 11న పుట్టారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ ఢిల్లీ కుటుంబీకుడు. యువకుడిగా మక్కా చేరి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. యాత్రికులకు నీళ్లందించే జుబైదా కాలువ పాడైతే, చందాలు పోగుచేసి బాగుచేయించారు. తల్లి అరబ్బుల ఆడపడుచు, మదీనా పండితుడి కుమార్తె. కలకత్తా చేరిన ఏడాదికే ఆమె చనిపోయారు.

పొరుగు దేశాలు నేర్పిన పాఠం

ఆజాద్ బడికి వెళ్లలేదు. తండ్రి ఇంట్లోనే అరబ్బీ, పారశీకం, తర్కం, గణితం చెప్పించారు. ఇంగ్లీషు తనే పట్టుదలగా నేర్చుకున్నారు. వంశాచారంగా వచ్చిందని దేన్నీ నమ్మనని, స్వేచ్ఛాపరుడు అనే అర్థం వచ్చే ఆజాద్ అన్న కలం పేరు పెట్టుకున్నారు.

1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినప్పుడు ఆయన అక్కడి విప్లవకారులతో కలిశారు. మొదట్లో వాళ్లు నమ్మలేదు. ముస్లింలు తెల్లదొరల పక్షమే అనుకునేవాళ్లు. 1908లో ఇరాక్, ఈజిప్టు, సిరియా, టర్కీ తిరిగొచ్చారు. ఇరాన్ విప్లవకారుల్ని, ఈజిప్టు జాతీయవాదుల్ని, టర్కీ యువ నాయకుల్ని కలిశారు. వాళ్లంతా ముస్లింలే, తమ తమ దేశాల కోసం కొట్లాడుతున్నవాళ్లే. భారత ముస్లింలు మాత్రం ఎందుకు దూరంగా ఉంటున్నారని వాళ్లు ఆశ్చర్యపోయారు. మతం వేరు, దేశం వేరు అనుకోనక్కర్లేదని, రెండూ ఒకే గుండెలో ఇముడుతాయని ఆయనకు బోధపడింది ఆ ప్రయాణంలోనే. మాకు తెలిసి ఆజాద్ చదువంతా ఒకెత్తు, ఈ పాఠం ఒకెత్తు.

ఆ ఆలోచనతోనే 1912లో కలకత్తా నుంచి అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రిక మొదలుపెట్టారు. రెండేళ్లలో వారానికి 26 వేల ప్రతులు అమ్ముడుపోయేవి. సర్కారు ముందు 2 వేల రూపాయలు, తర్వాత 10 వేలు డిపాజిట్ కట్టమని పీడించి 1914లో దాన్ని మూయించింది. 1916లో ఆయన్ను బెంగాల్ నుంచే వెళ్లగొట్టింది. 1919 చివరి దాకా రాంచీలో నిర్బంధం.

బయటికొచ్చాక గాంధీజీతో కలిసి ఖిలాఫత్ ఉద్యమం నడిపారు. టర్కీ ఖలీఫా పదవి నిలవాలని లక్షలాది మంది భారతీయులు రోడ్డెక్కారు. చివరికి 1924లో ఆ పదవిని తీసేసింది టర్కీ వాళ్లే. ఎవరి దేశం బాగు వాళ్లే తేల్చుకుంటారు, పొరుగువాడిగా మనం చేయగలిగింది స్నేహమే. ఆ దెబ్బ తర్వాత ఆజాద్ పూర్తిగా దేశ ఐక్యత మీదే నిలబడ్డారు. 1940 మార్చిలో రాంగఢ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా, ముస్లింగా తన వారసత్వం ఎంత గర్వకారణమో భారతీయుడిగా ఉండటమూ అంతే గర్వకారణమని చెప్పారు. అదే నెలలో లాహోర్‌లో ముస్లిం లీగ్ వేరే రాజ్యాల తీర్మానం చేసింది.

ఆఖరిచూపు దక్కలేదు

1942 ఆగస్టులో క్విట్ ఇండియా అరెస్టులు జరిగాయి. అహ్మద్‌నగర్ కోటలో నెహ్రూ, పటేల్‌తో పాటు మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా ఆజాద్ తోటి ఖైదీయే. తెల్లవారుజామునే లేచి, పాలు కలపని చైనా టీ కాచుకుని ఉత్తరాలు రాసుకునేవారు. అవే తర్వాత గుబారే ఖాతిర్ పుస్తకమయ్యాయి. కలకత్తాలో భార్య జులేఖా బేగం మంచాన పడ్డారు. విడుదల చేయమని సర్కారును అడగడానికి ఆయన మనసొప్పలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూశారు. ఫోన్లో చావు కబురు విని, ఎగ్జిట్ వీసా దొరక్క గదిలోనే కూర్చుని ఏడ్చిన మనవాళ్లకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

దేశ విభజనను ఆయన ఆపలేకపోయారు. గాంధీజీ, నెహ్రూ, పటేల్ ఒక్కొక్కరే ఒప్పుకుంటుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. ఆయన చనిపోయాక 1959లో వచ్చిన ఆత్మకథలో, భాష, సంస్కృతి వేరైన దూర ప్రాంతాల్ని మతం ఒక్కటే కలిపి ఉంచలేదని రాసుకున్నారు. పన్నెండేళ్లకు, 1971లో బంగ్లాదేశ్ పుట్టింది.

మంత్రిగా 1947 నుంచి చివరిదాకా ఉన్నారు. 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ, 1954లో సాహిత్య అకాడమీ ఆయన హయాంలోనే వచ్చాయి. 1950లో ఇతర దేశాలతో స్నేహం కోసం భారత సాంస్కృతిక సంబంధాల మండలి పెట్టారు. అరబ్బులకు మన దేశం తెలియాలని దాని తరఫున సఖాఫతుల్ హింద్ అనే అరబ్బీ పత్రిక వేయించారు. తల్లి భాషలో తండ్రి దేశం గురించి చెప్పడమన్నమాట.

1958 ఫిబ్రవరి 22న ఆయన కన్నుమూశారు. ఢిల్లీలో ఎర్రకోటకు, జామా మసీదుకు నడుమ సమాధి ఉంది. 1992లో భారతరత్న ఇచ్చారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998లో ఏర్పడ్డ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది.

ఇక్కడ సైటు మీద పక్కన పాకిస్తానీ డ్రైవరుంటాడు, బంగ్లాదేశీ మేస్త్రీ ఉంటాడు. క్రికెట్ మ్యాచ్ రోజు మాటామాటా పెరుగుతుంది. మర్నాడు జీతం ఆలస్యమైతే ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చుంటాం. ఆజాద్ ఢిల్లీలో చెప్పలేక ఓడిపోయిన మాట, జెద్దాలో మనం రోజూ ఒకరికొకరం అప్పిచ్చుకుంటూ, రొట్టె పంచుకుంటూ నిజం చేస్తున్నాం. ఈసారి ఉమ్రాకు మక్కా వెళ్లినప్పుడు, ఆ ఊళ్లో పుట్టిన మన మనిషిని కూడా ఒకసారి తలుచుకుందాం.